దొంగ మందారం

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నెల కిందట ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, సొరంగాల గురించో వంతెనల గురించో ఓ అరగంట మాట్లాడు" అన్నారండి. "భోజనాల ముందు సొరంగాల గురించి చెబితే జనం వంటశాల వైపు సొరంగం తవ్వుకుంటారు, మందారాల గురించి మాట్లాడతాను" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "మందారాల గురించి అరగంట ఏం ఉంటుందయ్యా?" అన్నారు. ఉంటుందండి. అందులో నా తప్పొకటి కూడా ఉంది. ఆ తప్పు ఎవరి విషయంలో చేశానో ఆయన ఇప్పుడు మొదటి వరసలో కూర్చున్నారు. అందుకే ఈ సభలోనే చెప్పాలనుకున్నాను.

తొమ్మిదో తరగతిలో నేచురల్ సైన్సు మాస్టారు ప్రతివాణ్నీ ఇంటినుంచి ఒక మందార పువ్వు తెమ్మన్న రోజు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మన రాష్ట్రంలో తెలుగు మీడియంలో చదివిన ఏ తరాన్నడిగినా పువ్వు భాగాలంటే మందారమే చెబుతారు. రక్షక పత్రావళి, ఆకర్షణ పత్రావళి, కేసరావళి, అండకోశం. బ్లేడుతో నిలువుగా చీల్చి, నోట్సులో అతికించి, బాణం గుర్తులు పెట్టి పేర్లు రాశాం. మధ్యలో గొట్టంలా ఉండేది కేసరాలన్నీ కలిసిపోయి ఏర్పడిన నాళమని, దాని లోపలినుంచి కీలం వెళ్లి చివర ఐదు చిన్న చిన్న బొట్లలా కీలాగ్రాలుగా విడిపోతుందని మాస్టారు చెప్పారు. నేను వెనక బెంచీ నుంచి, "మరి దీనికి కాయ ఎందుకు కాయదు మాస్టారూ?" అని అడిగాను. మాస్టారు నవ్వి, "నువ్వే కనిపెట్టి చెప్పు" అన్నారు. అదేదో తప్పించుకునే జవాబనుకున్నాను ఆ రోజు. జవాబు చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

నిజానికి నేను మందారంతో మొదలుపెట్టలేదండి. ఐరిస్‌తో మొదలుపెట్టాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు కాశ్మీరులో ఉన్నాను. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో సమాధుల మీద ఊదారంగు, తెల్లరంగు పువ్వులు గుంపులుగా పూస్తాయి. కత్తుల్లాంటి ఆకులు, మూడు రేకులు పైకి, మూడు రేకులు కిందికి. అదే ఐరిస్. గ్రీకు కథల్లో ఇంద్రధనుస్సు దేవత పేరు అది. చలి దేశాల్లో మామూలు ఇళ్లవాళ్లు పెరట్లోనే ఒక ఐరిస్ పుప్పొడి తీసి ఇంకోదాని కీలాగ్రానికి అంటించి కొత్త రంగులు పుట్టిస్తారు. విత్తనం వేశాక పువ్వు చూడ్డానికి రెండు మూడేళ్లు ఆగుతారు. అమెరికాలో వాళ్ల సంఘం 1920లోనే పుట్టింది. డాక్టర్లు, గుమాస్తాలు, రైతులు సెలవు రోజుల్లో చేసిన పని అది. చదివి ముచ్చటపడ్డాను.

బదిలీ మీద మన వైపు తిరిగొచ్చినప్పుడు ఓ పది ఐరిస్ దుంపలు తెచ్చి, మా పెరట్లో ఒండ్రు మట్టిలో పాతాను. చలికాలం గడిచింది. ఆకులు వచ్చాయి, పువ్వు రాలేదు. ఆ దుంపకి శీతాకాలంలో గట్టి చలి కావాలి, వేసవిలో పొడినేల కావాలి. మన దగ్గర రెండూ దొరకవు. జులైలో వానలు పట్టాయి. ఆగస్టులో తవ్వి చూస్తే దుంపలు మెత్తగా కుళ్లిపోయి కంపు కొడుతున్నాయి. మా అమ్మ వసారాలో కూర్చుని చూస్తూ, "ఈ నేలలో బతికేదాన్ని పెంచుకోరా. ఆ గోడవార మందారం నువ్వు పుట్టకముందునుంచీ ఉంది, దాన్ని ఏనాడైనా చూశావా?" అంది.

చూశానండి. ఒంటి రెక్క ఎర్ర మందారం. అమ్మవారి పూజకి, తలంటుకి ఆకు రుద్దడానికి, కొబ్బరినూనెలో కాచడానికి తప్ప దానివంక ఎవరమూ తేరిపారి చూడలేదు.

మీలో మందారం కాయని చూసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. నాలుగు చేతులు. రెండు వందల మంది కూర్చున్న సభలో నాలుగు. మన వీధుల్లోని ఎర్ర మందారం సంవత్సరం పొడుగునా పూస్తుంది గాని కాయ నిలవదు. ముద్ద మందారం సంగతి సరేసరి, దాని కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి. తరతరాలుగా మనం కొమ్మ విరిచి గుచ్చుతూ వచ్చిన మొక్క అది. ఇంకో విశేషం ఏమిటంటే, 1753లో లినేయస్ దీనికి చైనా గులాబీ అనే అర్థం వచ్చే శాస్త్రీయ నామం పెట్టాడు గాని, అడవిలో తనంతట తాను మొలిచిన ఎర్ర మందారాన్ని ఇంతవరకు ఎవరూ ఎక్కడా చూపించలేదు. మనుషుల పెరళ్లలోనే దొరికే మొక్క అది.

ఇక నర్సరీల్లో మనం చూసే పళ్లెమంత పువ్వులు, పసుపు, నారింజ, బూడిదరంగు కలిసిన పువ్వులు, ఇవన్నీ సంకరాలు. హిందూ మహాసముద్రం దీవులనుంచి కొన్ని జాతులు, తూర్పు ఆఫ్రికానుంచి జూకాలా వేలాడే చీలిక రేకుల జాతి, హవాయి దీవులనుంచి తెల్లగా వాసనగా పూసే జాతి, ఇలా వేర్వేరు సముద్రాల పువ్వుల్ని తోటమాలులు కలిపారు. హవాయిలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ పని ఊపందుకుంది. మన దేశంలో బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ కూడా మందారాల్లో కొత్త రకాలు తీసింది. ఆ సంకరాల్లో కొన్నింటికి కాయ నిలుస్తుంది. వాటి విత్తులు మొలుస్తాయి. ఇది తెలిశాక కడియపులంక వెళ్లి ఐదు రంగుల మొక్కలు కొనుక్కొచ్చాను.

సంకరం అనే మాట కోనసీమవాళ్లకి కొత్తేమీ కాదు. అంబాజీపేట పరిశోధన స్థానంవాళ్లు మన పొడుగు కొబ్బరిని తల్లిగా, గంగాబొండాన్ని తండ్రిగా పెట్టి గోదావరి గంగ అనే రకం తీశారు. ఏటికి ఆవల మార్టేరులో వశిష్ట అనే వరి రకాన్ని మసూరితో కలిపితే వచ్చిందే స్వర్ణ. 1982లో విడుదలైంది. ఈ దేశంలో కోట్లమంది తిన్న అన్నం అది. వశిష్ట మన నదీపాయ పేరే కదండి. అంటే ఈ విద్య మన ఏటి రెండు గట్ల మీదా ఉంది. కాకపోతే వాళ్లది ఆకలి తీర్చే పని, నాది సరదా పని.

పని ఎలా చేస్తారో చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరైనా చేయొచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు. ఓ చిన్న కత్తెర, బొమ్మలు వేసే కుంచె చాలు. నేను కుంచె కూడా వాడను.

మందార పువ్వు పొద్దున్న విచ్చుకుంటుంది, సాయంత్రానికి వాడుతుంది. మనకి దొరికే సమయం ఆ ఒక్క పూటే. తెల్లవారుతూనే తల్లి పువ్వు దగ్గరికి వెళ్లి, కేసర నాళం మీదున్న పుప్పొడి తిత్తులు పగలకముందే కత్తెరతో తీసేస్తాను. లేకపోతే సొంత పుప్పొడి అంటుకునే ప్రమాదం ఉంది. ఎండ కాస్త ఎక్కాక, ఎనిమిది తొమ్మిది గంటలకి, తండ్రి పువ్వులో తిత్తులు పగిలి పసుపు రవ్వలా పుప్పొడి బయటపడుతుంది. ఆ పువ్వుని కోసి, దాని నాళాన్నే కుంచెలా పట్టుకుని తల్లి పువ్వు ఐదు కీలాగ్రాలకీ మెల్లగా అద్దుతాను. మందారం పుప్పొడి రేణువులు పెద్దవి, ముళ్లముళ్లుగా ఉంటాయి. కీలాగ్రం మీద నూగులో చిక్కుకుని నిలబడతాయి. భూతద్దంలో చూపిస్తే పిల్లలు వదిలిపెట్టరు.

తరవాత కాడకి చీటీ కట్టాలి. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ తేదీ. ఈ చీటీ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

కాయ పట్టకపోతే పువ్వు కాడతో సహా వారం పదిరోజుల్లో రాలిపోతుంది. పడితే పచ్చగా ఉబ్బుతుంది. మా పెరట్లో వేసవిలో చేసిన సంకరాలు దాదాపు అన్నీ రాలిపోయాయి. వానాకాలంలో పుప్పొడి తడిసి ముద్దయిపోయింది. కార్తీకం నుంచి మాఘం దాకా చేసినవి నిలిచాయి. మొదటి ఏడాది 60 పువ్వులకి అద్దితే 4 కాయలు నిలిచాయి. రెండు నెలలకి కాయ గోధుమరంగు తిరిగి ఐదు పలకలుగా పగులుతుంది. అది పగిలేలోపు పల్చటి గుడ్డ కట్టకపోతే గింజలు రాలి చీమలపాలు. 4 కాయల్లో 31 గింజలు. మిరియాలంత, నూగునూగుగా ఉంటాయి. పైపొర గట్టిది కనుక ఒక పక్క బ్లేడుతో చిన్న గాటు పెట్టి, రాత్రంతా నీళ్లలో నానేసి విత్తాలి. వారంలో 19 మొలిచాయి. నత్తలు, పిండినల్లి, మా ఇంటి దూడ పోగా 11 పువ్వు దాకా వచ్చాయి. మొలిచిన ఏడాదికి తొలి పువ్వు.

ఇక్కడే ఇంజనీరు బుర్ర దెబ్బతింది. ఒకే డ్రాయింగుతో పది స్తంభాలు పోస్తే పదీ ఒకేలా ఉండాలి. ఉండకపోతే కాంట్రాక్టరుని పిలిచి అడుగుతాం. ఇక్కడ ఒకే కాయలోంచి తీసిన గింజలు, ఏడు మొక్కలు, ఏడు రకాల పువ్వులు. ఒకటి లేత పసుపు, ఒకటి ఇటుక ఎరుపు, ఒకటి రేకు ముడుచుకుని విచ్చుకోనే విచ్చుకోదు. మెండెల్ 1866లో అచ్చువేసిన బఠాణీల లెక్క, మూడుకి ఒకటి, మనం చదువుకున్నదే. ఆ లెక్క ఇక్కడ చేతికి దొరకదు. బఠాణీలో క్రోమోజోములు జంటలుగా ఉంటాయి. తోట మందారాల్లో చాలావాటికి ఒక్కో క్రోమోజోముకి రెండు కంటే ఎక్కువ ప్రతులుంటాయి. అవి కూడా వేర్వేరు జాతులనుంచి కలిసొచ్చినవి. ఎన్నో పేకల్ని కలిపి పంచినట్టు. అదే చెయ్యి మళ్లీ పడదు.

దీనివల్ల తేలేది ఒకటుంది. మంచి మొక్క ఒకటి పుడితే, ప్రపంచం మొత్తం మీద అలాంటిది అదొక్కటే. అదే తల్లినీ అదే తండ్రినీ మళ్లీ కలిపినా అదే బిడ్డ పుట్టదు. దాన్ని నిలబెట్టే దారి ఒక్కటే. అరటి పిలక తీసి పాతినట్టు దాని కొమ్మే తీసి గుచ్చాలి, లేదా అంటు కట్టాలి. ఈ ముక్క నాకు పుస్తకంలో తెలుసు. చేతల్లో తెలియలేదు.

మూడో ఏడు శీతాకాలంలో పూసిందండి అది. ఆరు రోజులు చూశాక గాని నమ్మలేదు. అరచెయ్యి చాపినా కనబడేంత పువ్వు. అంచుకి పసుపుకొమ్ము అరగదీసిన రంగు, లోపలికి వచ్చేకొద్దీ కాలిన ఇటుక రంగు, గొంతులో కుంకుమ. మామూలు పువ్వు సాయంత్రానికి వాలిపోతే ఇది రెండో రోజు మధ్యాహ్నం దాకా నిలబడింది. మందారం రంగు వేడితో మారుతుంది. డిసెంబరులో ముదురుగా ఉన్న పువ్వే మే నెలలో వెలిసిపోతుంది. అందుకే ఒక పూత చూసి మురిసిపోకూడదు, ఏడాదంతా చూడాలి. ఏడాదంతా చూశాను. మే నెలలోనూ అంచు పసుపు పోలేదు.

ఇక చీటీ సంగతి. కొత్త మందారాలకి పేరు నమోదు చేసే అంతర్జాతీయ పట్టిక ఉంది. తల్లి పేరు, తండ్రి పేరు రాయమంటారు. పరుగెత్తుకెళ్లి చీటీ చూస్తే తల్లి పేరు సగం కనబడుతోంది, తండ్రి పేరు లేదు. మార్కర్ పెన్నుతో రాశాను, మన ఎండకీ వానకీ అది ఏడాది కూడా ఆగలేదు. సైటులో ప్రతి కాంక్రీటు గడ్డకీ తేదీ వేయించే నేను, ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టలేదు. ఇప్పుడు కూల్‌డ్రింకు డబ్బా రేకుని కత్తిరించి, దానిమీద మొనదేలిన మేకుతో అక్షరాలు నొక్కి కట్టుకుంటున్నాను. రంగు పోయినా గీత పోదు. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఆ డబ్బాలు పారేయకండి.

అసలు తప్పు ఇప్పుడు చెబుతాను.

2021 చివర్లో మాస్టారు మా ఇంటికి వచ్చారు. డెబ్భై ఐదేళ్ల వయసులో ఏటిగట్టు మీదుగా నడిచి, పువ్వు చూడ్డానికే వచ్చారు. చెట్టు ముందు కుర్చీ వేయించుకుని, జేబులోంచి భూతద్దం తీసి, పావుగంట చూశారు. "కాయ ఎందుకు కాయదో కనిపెట్టావన్నమాట" అన్నారు. ఆ మాట ఆయనకి గుర్తున్నందుకు నాకు గొంతు పట్టేసింది. వెళ్లబోతూ, "ఒక కొమ్మ ఇవ్వరా, బడి ప్రహరీ వార పెట్టిస్తాను. తొమ్మిదో తరగతివాళ్లు ఇంటినుంచి తెచ్చుకోనక్కర్లేదు" అన్నారు.

నేను ఇవ్వలేదు.

"పేరు నమోదయ్యాక ఇస్తాను మాస్టారూ. ఇప్పుడే బయటికెళితే ఎవరో అంటు కట్టి అమ్మేసుకుంటారు. వచ్చే ఏడాది తప్పకుండా" అన్నాను. మాస్టారు ఏమీ అనలేదు. "సరేరా, నీ ఇష్టం" అని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. నా మనసులో ఏముందో దాచుకోకుండా చెబుతాను. అమ్ముకుంటారన్న భయం ఉంది. కానీ దానికంటే, ఈ పువ్వు ఇంకెవరి పెరట్లోనూ ఉండకూడదన్న కోరిక ఎక్కువ ఉంది. అంతకుముందే మా పక్కింటి దొడ్డమ్మగారు రెండుసార్లు అడిగితే ఇదే మాట చెప్పాను. ఆవిడ మాస్టారిలా ఊరుకోలేదు. "కొమ్మ ఇస్తే నీ చెట్టు బోడిదైపోతుందా?" అని నలుగురిలో అనేసింది.

2022 జులై వచ్చింది. మీకు వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మనం పదో తరగతి ముగించిన 1986 ఆగస్టు వరద 35 లక్షలు దాటింది. దానితో పోలిస్తే తక్కువేనని పెద్దలు ధైర్యం చెప్పారు గాని, మా ఇల్లు ఏటిగట్టుకి లోపలి వైపు, పల్లంలో ఉంది. సామాను అటక మీదికి ఎక్కించి, అమ్మని తీసుకుని గట్టెక్కాం. పెరట్లో నీళ్లు ఆరు రోజులు నిలిచాయి.

తిరిగొచ్చేసరికి మొక్కలు నిలబడే ఉన్నాయి. ఆకులకి బురద పట్టి ఉందంతే. కడిగాను, సంతోషించాను. వారం తరవాత ఆకులు పసుపు తిరిగి రాలడం మొదలైంది. తవ్వి చూస్తే వేళ్ల తోలు చేతికి ఊడి వస్తోంది. నీళ్లు నిలిచిన మట్టిలో వేళ్లకి గాలి ఆడదు. మన కళ్లకి కొమ్మ పచ్చగా కనబడుతున్నప్పుడే కింద ప్రాణం పోతుంది. ఇదే స్వర్ణ వరికి ఒడిశాలోని ఒక దేశవాళీ వరినుంచి ముంపు తట్టుకునే జన్యువుని చేర్చి, 2009లో స్వర్ణ సబ్ 1 ఇచ్చారు శాస్త్రవేత్తలు. రెండు వారాలు మునిగినా తేరుకుంటుంది. మందారానికి అలాంటి వరమేమీ లేదు. ఆ నెలాఖరుకి 40 మొక్కలు పోయాయి. గోడవార అమ్మ చెప్పిన పాత ఎర్ర మందారం మాత్రం మొదట్లోంచి మళ్లీ చిగిర్చింది. నా పసుపంచు పువ్వు పోయింది. చివరి నిమిషంలో కోసి గుచ్చిన పన్నెండు కొమ్మల్లో ఒక్కటీ వేరు పట్టలేదు. చచ్చిన వేళ్ల మీద నిలబడిన కొమ్మలో పస ఏముంటుంది?

నేను ఇంజనీరునండి. స్టాండ్‌బై పంపు లేని పంపుహౌసు డ్రాయింగు మీద ఏనాడూ సంతకం పెట్టలేదు. అలాంటివాణ్ని, ప్రపంచంలో ఒక్కటే ఉన్న మొక్కని ఒక్క చోటే, అదీ ఏటి పల్లంలో ఉంచాను. స్టాండ్‌బై కోసం ఇద్దరు తమంతట తాము వచ్చి చెయ్యి చాపితే వద్దన్నాను. ఆ ఏడాది దసరాకి మాస్టారింటికి వెళ్లి ఆ మాటే చెప్పాను. ఆయన, "పోనీలేరా, మళ్లీ చేస్తావు" అన్నారు. మళ్లీ చేసినా అది రాదని ఆయనకీ తెలుసు.

కార్తీక మాసంలో దొడ్డమ్మగారి కూతురింట్లో సత్యనారాయణస్వామి వ్రతానికి పిలిచారు. బోడసకుర్రు వంతెన దాటి అమలాపురం వెళ్లాం. మేడ మీద వాటా. పీటల ముందు కూర్చుని కలశం వంక చూశాను. కలశానికి కుడిపక్కన పసుపంచు మందారం.

కథ ఏ అధ్యాయంలో ఉందో నాకు తెలియలేదండి. పూజ అయ్యేదాకా పట్టుకుని కూర్చుని, వాళ్ల మేడ మీదికి వెళ్లాను. సున్నం డబ్బాలో నా నడుమెత్తున మొక్క. నాలుగు మొగ్గలు. వెనకాలే దొడ్డమ్మగారు వచ్చి నిలబడ్డారు. "దొడ్డమ్మా, ఇదెక్కడిది?" అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, "నువ్వు డ్యూటీకెళ్లినప్పుడు గోడ మీంచి విరిచాను. అడిగితే ఇచ్చావా ఏంటి? అయినా అడక్కుండా తెచ్చిన కొమ్మే బతుకుతుంది, మా అత్తగారి కాలంనుంచీ అంతే. ఏం, కేసు పెడతావా?" అంది.

నేను ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాను. మా ఆవిడ పక్కన నవ్వాపుకోలేక మెట్లు దిగిపోయింది.

దొంగిలించిన మొక్క బాగా బతుకుతుందన్న మాట మన ఆడవాళ్లందరూ అంటారు. మూఢనమ్మకం అనుకునేవాణ్ని. ఇప్పుడు కొంచెం వేరేలా అర్థమవుతోంది. అడిగినా ఇవ్వనివాళ్లు నాలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ చెట్టు ఏదో ఒకనాడు గాలివానకో వరదకో పోతుంది. 1996 నవంబరు తుపానులో ఎన్ని తోటలు నేలకొరిగాయో మనం చూశాం. మిగిలేది గోడ దాటినదే. తరవాతివాళ్లు చూసేది దాన్నే. కాబట్టి దొంగిలించినదే బతికిందని చెప్పుకుంటారు. మనసారా ఇచ్చినా బతుకుతుంది, నేను పరీక్షించి చూశాను.

దొడ్డమ్మగారు ఆ రోజే నాకు మూడు కొమ్మలిచ్చారు. "అందరికీ ఇస్తానంటేనే" అని షరతు పెట్టి మరీ ఇచ్చారు. ఈ సంకరాల సొంత వేరు అంత గట్టిది కాదు. అందుకని, వరద తరవాత కూడా చిగిర్చిన మా పాత ఎర్ర మందారం కొమ్మలు వేరు పట్టించి, వాటిమీద ఈ కొమ్మల్ని అంటు కట్టాను. పెన్సిలంత లావు కొమ్మ, నాలుగంగుళాల పొడవు. కింది కొమ్మని నిలువునా చీల్చి, పై కొమ్మని ఆప్పులా చెక్కి దిగేసి, తోలుకి తోలు ఆనేలా పట్టీ చుట్టాలి. పైన పాలిథిన్ సంచి తొడిగి నీడలో పెడితే మూడు వారాలకి చిగురు వస్తుంది. అంటే ఈ మొక్కలో కింది సగం మా అమ్మ చెప్పినది, పై సగం దొడ్డమ్మగారు దొంగిలించినది. నా వాటా మధ్యలో చుట్టిన పట్టీ.

పేరు విషయం మిగిలింది. మొదట మా అమ్మ పేరు పెడదామనుకున్నాను. ఈలోగా మా వీధి ఆడవాళ్లు దానికి దొంగ మందారం అని పేరు పెట్టేశారు. అమ్మని అడిగితే, "నా పేరెందుకురా, ఆ పేరే బాగుంది" అంది. పట్టికకి పంపేటప్పుడు తల్లి, తండ్రి గళ్లలో తెలియదని నిజమే రాస్తాను. పేరు గడిలో దొంగ మందారం అని రాస్తాను.

స్నేహితులారా, మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. మనవాళ్లు అనేక దేశాల్లో ఉన్నారు, గొప్ప పనులు చేశారు, బడికి గదులు కట్టించారు. నేను అంతటివాణ్ని కాదు. బయట వేపచెట్టు కింద 24 అంటు మొక్కలు పెట్టి ఉంచాను. ప్రతి మొక్కకీ రేకు చీటీ ఉంది. మొదటి మొక్క మాస్టారిది. మూడేళ్లు ఆలస్యంగా ఇస్తున్నాను, ఈ సభాముఖంగా క్షమించమని అడుగుతున్నాను. ఆయన ఎక్కడ పెట్టమంటే అక్కడ, ప్రహరీ వార, ఈ రోజే గొయ్యి తీస్తాను. నీళ్లు నిలవని మెరక చోటు చూపించమని మాత్రం ప్రార్థన.

తొమ్మిదో తరగతి పిల్లలకి ఓ మాట. పువ్వుని చీల్చి నోట్సులో అతికించండి. అది అయ్యాక రెండో పువ్వుని చీల్చకుండా, పుప్పొడి అద్ది, చీటీ కట్టి, ఆగండి. మీరు పదో తరగతి పూర్తిచేసేలోపు ఈ భూమ్మీద ఇంతవరకు ఎవరూ చూడని పువ్వొకటి ఈ ఆవరణలో పూయొచ్చు. అది బాగుండొచ్చు, బాగుండకపోవచ్చు. నాకు బాగుండనివి ముప్పై పైగా పూశాయి. కత్తెరలు, భూతద్దాలు, నోటుబుక్కులు నేను కొనిస్తాను. డిసెంబరులో ఆదివారాలు వచ్చి నేర్పిస్తాను.

మిగిలిన 23 మొక్కలు ఈ ఊళ్లకి ఆ ఊళ్లకి వెళ్లేవాళ్లు తీసుకెళ్లండి. అమలాపురం వైపు కొన్ని, రాజోలు వైపు కొన్ని, కొత్తపేట వైపు కొన్ని వెళితే నాకు నిశ్చింత. ఏ పాయకి వరదొచ్చినా ఎక్కడో ఒకచోట ఉంటుంది. ధర లేదు. షరతు ఒక్కటే, దొడ్డమ్మగారు నాకు పెట్టినదే. రెండేళ్లలో కనీసం ఒక కొమ్మ ఎవరికైనా ఇవ్వాలి. ఎవరైనా అడక్కుండా విరుచుకుపోతే చూడనట్టు ఊరుకోవాలి.

పొద్దున్నే నీళ్లు పోసి ఉంచాను. కారు డిక్కీలో పడుకోబెట్టకండి, కాళ్ల దగ్గర నిలబెట్టండి. అంటు దగ్గర చుట్టిన పట్టీ రెండు నెలల దాకా విప్పొద్దు.

వంట అయినట్టు వాసన వస్తోంది.  మాస్టారూ, లేవండి, గొయ్యి ఎక్కడ తియ్యాలో చూపించండి. సెలవు.